ఆపరేటింగ్ సిస్టం అప్‌గ్రేడ్

ఒక కంప్యూటరులో ఉన్న ఆపరేటింగ్ సిస్టం స్థానంలో అదే కుటుంబానికి చెందిన కొత్త రూపాంతరాన్ని స్థాపించడాన్ని ఆపరేటింగ్ సిస్టం అప్‌గ్రేడ్ అంటారు. విండోస్ ఎక్స్‌పీ నుండి విండోస్ 7కు, విండోస్ 10 నుండి విండోస్ 11కు, ఉబుంటు 22.04 నుండి 24.04కు మారడం ఇందుకు ఉదాహరణలు. కంప్యూటరులోని ప్రోగ్రాములు, ఖతులు, కీబోర్డు అమరికలు, ప్రింటరు, స్కానరు అన్నీ ఆపరేటింగ్ సిస్టం ఆధారంగానే పనిచేస్తాయి. అందువలన ఈ మార్పు ప్రభావం కంప్యూటరుతో చేసే ప్రతి పనిపైనా ఉంటుంది.

కొత్త రూపాంతరం వెలువడినపుడు దాని రూపురేఖల గురించి, కొత్త సౌకర్యాల గురించి ఎక్కువగా ప్రచారం జరుగుతుంది. అయితే మారాలా వద్దా అనే నిర్ణయానికి అంతకంటే ముఖ్యమైన ప్రశ్నలు మూడు కలవు. అవి: ప్రస్తుత రూపాంతరానికి భద్రతా సవరణలు ఎప్పటివరకు లభిస్తాయి? తన పనికి అవసరమైన హార్డువేరు, సాఫ్టువేరు కొత్తదానిలో పనిచేస్తాయా? మార్పు బెడిసికొట్టినచో వెనుకకు వచ్చే మార్గం ఉన్నదా? గడచిన పాతికేళ్ళ అనుభవాలను పరిశీలించినచో అప్‌గ్రేడ్ వలన నష్టపోయినవారిలోను, అప్‌గ్రేడ్ చేయక నష్టపోయినవారిలోను అధికులు ఈ మూడింటిలో ఏదో ఒకదానిని విస్మరించినవారేనని తెలుస్తుంది.

అప్‌డేట్, అప్‌గ్రేడ్ – తేడా

ఈ రెండు పదాలను ఒకదానికి బదులు మరొకటి వాడటం పరిపాటి. కాని వీటి అర్థాలు వేరు. ఉన్న రూపాంతరంలోని లోపాలను సరిచేసే చిన్న సవరణలను అప్‌డేట్లు అంటారు. వీటిని వెంటవెంటనే స్థాపించుకోవడమే మంచిది. మైక్రోసాఫ్ట్ సంస్థ 2003 నుండి ప్రతి నెల రెండవ మంగళవారం నాడు ఇటువంటి సవరణలను విడుదల చేసే పద్ధతిని పాటిస్తున్నది. అప్‌గ్రేడ్‌లో ఆపరేటింగ్ సిస్టం మొత్తం మారుతుంది. దీనికి తొందర పనికిరాదు. అప్‌గ్రేడ్‌కు భయపడి అప్‌డేట్లను కూడా నిలిపివేయడం తరచుగా జరిగే పొరపాటు.

మద్దతు కాలం

ఆపరేటింగ్ సిస్టంను తయారుచేసే సంస్థ దానిలో బయటపడిన భద్రతా లోపాలను సరిచేస్తూ ఉండే కాలాన్ని మద్దతు కాలం అంటారు. ఈ కాలం ముగిసినంత మాత్రాన కంప్యూటరు పనిచేయడం ఆగిపోదు. ముందు రోజు ఎట్లు పనిచేసినదో మరునాడూ అట్లే పనిచేస్తుంది. కాని ఆ తరువాత బయటపడే లోపాలకు సవరణలు రావు. వ్యక్తిగత కంప్యూటర్లలో వాడుకకు వచ్చిన ముఖ్యమైన విండోస్ రూపాంతరాల విడుదల తేదీలు, మద్దతు ముగిసిన తేదీలు ఇవి:

* విండోస్ 98: 1998 జూన్ 25 – 2006 జూలై 11
* విండోస్ ఎక్స్‌పీ: 2001 అక్టోబరు 25 – 2014 ఏప్రిల్ 8
* విండోస్ విస్టా: 2007 జనవరి 30 – 2017 ఏప్రిల్ 11
* విండోస్ 7: 2009 అక్టోబరు 22 – 2020 జనవరి 14
* విండోస్ 8.1: 2013 అక్టోబరు 17 – 2023 జనవరి 10
* విండోస్ 10: 2015 జూలై 29 – 2025 అక్టోబరు 14

ఉబుంటులో రెండేళ్ళకొకసారి ఏప్రిల్ నెలలో వచ్చే దీర్ఘకాలిక రూపాంతరాలకు ఐదేళ్ళ ఉచిత మద్దతు లభిస్తుంది. మధ్యలో ఆరు నెలలకొకసారి వచ్చే రూపాంతరాలకు లభించే మద్దతు తొమ్మిది నెలలు మాత్రమే. కావున ఒకసారి స్థాపించి కొన్నేళ్ళపాటు కదలించకుండా వాడుకోదలచినవారికి దీర్ఘకాలిక రూపాంతరమే తగినది.

ఆపరేటింగ్ సిస్టంకు మద్దతు ముగిసిన కొంతకాలానికి ఇతర సాఫ్టువేరు తయారీదారులు కూడా దానిని విడిచిపెడతారు. ఉదాహరణకు గూగుల్ క్రోమ్ విహరిణి విండోస్ ఎక్స్‌పీ, విస్టాలకు 2016లోను, విండోస్ 7, 8.1లకు 2023లోను మద్దతు నిలిపివేసినది. పాత విహరిణిలో కొత్త జాలస్థలులు సరిగా తెరుచుకోవు. బ్యాంకు లావాదేవీలు, పరీక్షల దరఖాస్తుల వంటి పనులు చేసుకునే సాధారణ వాడుకరికి మొదటి ఇబ్బంది సాధారణంగా ఇక్కడే ఎదురవుతుంది.

మద్దతు ముగిసినదానిని వాడటంలో ప్రమాదం

ఒక లోపానికి కొత్త రూపాంతరంలో సవరణ విడుదలైనపుడు, ఆ సవరణను పరిశీలించి లోపం ఎక్కడ ఉన్నదో తెలుసుకోవడం నిపుణులకు సాధ్యమే. అదే లోపం పాత రూపాంతరంలో కూడా ఉన్నచో అది ఇక సరిచేయబడదు. అనగా కొత్తదానికి వచ్చే ప్రతి సవరణ పాతదానిపై దాడి చేయదలచినవారికి ఒక సూచనగా మారే అవకాశం ఉన్నది.

2017 మే 12న ప్రపంచవ్యాప్తంగా వ్యాపించిన వన్నాక్రై దాడి ఈ విషయంలో గుర్తుంచుకోదగినది. కంప్యూటరులోని దస్త్రాలను తెరవడానికి వీలులేకుండా చేసి, విడిపించడానికి డబ్బు అడిగిన ఈ ప్రోగ్రాము సుమారు 150 దేశాలలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లను తాకినది. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆసుపత్రుల సేవలకు అంతరాయం కలిగినది. మన దేశంలో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడా దీని బారిన పడ్డాయి. ఇది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, అనగా 2017 మార్చి 14న సవరణ విడుదల చేసి ఉన్నది. దాడి తరువాత, మద్దతు ముగిసి మూడేళ్ళు దాటిన ఎక్స్‌పీకి కూడా అసాధారణ రీతిలో సవరణ ఇచ్చినది.

ఈ ఘటనలో గమనించవలసిన మరొక అంశం కలదు. వన్నాక్రై సోకిన కంప్యూటర్లలో అత్యధికం ఎక్స్‌పీవి కావు, విండోస్ 7వి. ఆనాటికి విండోస్ 7కు మద్దతు ఉన్నది, సవరణ కూడా అందుబాటులో ఉన్నది. దానిని స్థాపించుకోకపోవడమే నష్టానికి కారణమైనది. కావున మద్దతు ఉన్న రూపాంతరంలో ఉండటం ఎంత అవసరమో, దాని అప్‌డేట్లను స్థాపించుకోవడం కూడా అంతే అవసరం.

సంస్థలలో ఈ మార్పుకు చాలా కాలం పడుతుంది. భారతదేశంలోని ఏటీఎం యంత్రాలలో చాలావాటిలో విండోస్ ఎక్స్‌పీ వంటి పాత రూపాంతరాలు కొనసాగుతుండగా, భారతీయ రిజర్వు బ్యాంకు 2018 జూన్‌లో వాటిని మద్దతు గల రూపాంతరాలకు మార్చవలెనని బ్యాంకులను ఆదేశించినది. 2018 సెప్టెంబరు నాటికి నాలుగవ వంతు, డిసెంబరుకు సగం, 2019 మార్చికి మూడు వంతులు, జూన్‌కు మొత్తం యంత్రాలను మార్చవలెనని గడువులు పెట్టినది. ఎక్కువ కంప్యూటర్లు ఉన్నచోట ఇట్లు విడతలుగా మార్చడం వలన, మొదటి విడతలో బయటపడిన చిక్కులను తరువాతి విడతలలో నివారించుకునే వీలుంటుంది.

హార్డువేరు అర్హత

ప్రతి కొత్త రూపాంతరానికి కావలసిన కనీస హార్డువేరును తయారీ సంస్థ ప్రకటిస్తుంది. విండోస్ ఎక్స్‌పీకి కనీసం 64 మెగాబైట్ల మెమరీ, విస్టాకు 512 మెగాబైట్లు, 32 బిట్ విండోస్ 7కు 1 గిగాబైటు, విండోస్ 11కు 4 గిగాబైట్లు అవసరమని ప్రకటించారు. అనగా 2001 నుండి 2021 వరకు ఇరవై సంవత్సరాలలో కనీస మెమరీ 64 రెట్లు పెరిగినది. కనీస హార్డువేరుతో సిస్టం మొదలవుతుందే గాని పని సౌకర్యంగా సాగుతుందని అర్థం కాదు.

విస్టా విషయంలో ఈ తేడా వివాదంగా మారినది. దాని విడుదలకు ముందు 2006లో అమ్మిన అనేక కంప్యూటర్లపై "విస్టా కేపబుల్" అనే గుర్తు అంటించబడినది. కాని వాటిలో కొన్ని విస్టాలోని ప్రధాన ఆకర్షణ అయిన ఏరో తెరను చూపలేకపోయినవి. దీనిపై 2007లో అమెరికాలో దావా కూడా పడినది. దీనికి భిన్నంగా, విండోస్ 7కు కావలసిన హార్డువేరు విస్టా స్థాయిలోనే ఉండుట వలన దానికి మారినవారికి ఈ చిక్కు అంతగా ఎదురుకాలేదు.

విండోస్ 11తో అడ్డంకి మరొక రూపంలో వచ్చినది. దీనికి 64 బిట్ ప్రాసెసరు, 64 గిగాబైట్ల నిల్వ, సెక్యూర్ బూట్ సదుపాయం, టీపీఎం 2.0 అనే భద్రతా భాగం ఉండవలెను. ఇంటెల్ ప్రాసెసర్లలో 2017లో వచ్చిన ఎనిమిదవ తరం, ఆ తరువాతి తరాలు మాత్రమే, కొద్ది మినహాయింపులతో, అర్హత గల జాబితాలో ఉన్నవి. అందువలన వేగంలో ఏ లోటూ లేని కంప్యూటర్లు కూడా అనేకం అర్హత కోల్పోయినవి. ఈ పరీక్షలను తప్పించి స్థాపించే ఉపాయాలు ప్రచారంలో ఉన్నా, అట్టి కంప్యూటర్లకు అప్‌డేట్లు వస్తాయనే హామీ లేదని మైక్రోసాఫ్ట్ ప్రకటించినది. అర్హత తెలుసుకోవడానికి పీసీ హెల్త్ చెక్ అనే ఉచిత ప్రోగ్రాము కలదు. కొన్ని కంప్యూటర్లలో టీపీఎం ఉండి కూడా బయోస్ అమరికలలో నిలిపివేయబడి ఉంటుంది. కావున అర్హత లేదని తెలిసిన వెంటనే కొత్త కంప్యూటరు కొనకుండా ఈ అమరికను ఒకసారి చూసుకోవడం మేలు.

డ్రైవర్లు, పాత ప్రోగ్రాములు

ప్రింటరు, స్కానరు వంటి పరికరాలను ఆపరేటింగ్ సిస్టంతో కలిపే ప్రోగ్రామును డ్రైవరు అంటారు. విస్టాలో తెరకు, ధ్వనికి సంబంధించిన డ్రైవర్ల నిర్మాణం మారినది. ఎక్స్‌పీ కొరకు వ్రాసిన డ్రైవర్లలో కొన్ని దానిలో సరిగా పనిచేయలేదు. విడుదల నాటికి అన్ని పరికరాలకు కొత్త డ్రైవర్లు సిద్ధం కాలేదు. పరికరం చెడిపోకపోయినా దాని తయారీదారు కొత్త డ్రైవరు ఇవ్వనిచో అది నిరుపయోగమే.

32 బిట్ నుండి 64 బిట్‌కు మారేటపుడు కూడా జాగ్రత్త అవసరం. 64 బిట్ విండోస్‌లో 32 బిట్ డ్రైవర్లు పనిచేయవు. డాస్ కాలపు ప్రోగ్రాములు, 16 బిట్ విండోస్ ప్రోగ్రాములు కూడా నేరుగా నడవవు. విండోస్ 11 కేవలం 64 బిట్ రూపంలోనే లభిస్తుంది. దుకాణాలలోను, చిన్న కార్యాలయాలలోను లెక్కలకు ఫాక్స్‌ప్రో వంటి డాస్ ప్రోగ్రాములను ఇంకా వాడుతున్నవారు మారేముందు వాటిని డాస్‌బాక్స్‌లోగాని, వర్చువల్ మిషన్‌లోగాని నడిపి చూసుకోవలెను. యాపిల్ సంస్థ కూడా 2019 అక్టోబరులో వచ్చిన మ్యాక్ ఓఎస్ కాటలీనాతో 32 బిట్ ప్రోగ్రాములకు మద్దతు తొలగించినది. ముందుగా చూసుకోకుండా మారినవారు అంతవరకు డబ్బు పెట్టి కొనుక్కున్న ప్రోగ్రాములను కొన్నింటిని తెరవలేకపోయారు.

తెలుగు వాడుకరులకు సంబంధించిన విషయాలు

తెలుగు లిపిలో గుణింతాలను, వత్తులను సరైన చోట అమర్చి చూపే పని ఆపరేటింగ్ సిస్టందే. విండోస్ 98లో యూనికోడ్ తెలుగుకు ఈ ఏర్పాటు లేదు. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఖతి, ఇన్‌స్క్రిప్ట్ తెలుగు కీబోర్డు వచ్చినవి. అయితే ఎక్స్‌పీలో కూడా కంట్రోల్ ప్యానెల్‌లోని భాషల అమరికలలో సంక్లిష్ట లిపుల మద్దతును ఎంచుకుని, ఎక్స్‌పీ సీడీ నుండి అవసరమైన దస్త్రాలను స్థాపించవలసి ఉండేది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైన నాటి పరిస్థితి ఇది. ఆనాడు విండోస్ 98 నుండి ఎక్స్‌పీకి మారడమంటే తెలుగు వాడుకరికి తెరమీద డబ్బాల స్థానంలో అక్షరాలు కనిపించడం. విస్టా నుండి ఈ మద్దతు ముందే స్థాపించబడి వచ్చినది. విండోస్ 10లో 2019 మేలో వచ్చిన రూపాంతరంతో ఉచ్చారణ ఆధారంగా టైపు చేసే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు కూడా చేరినది.

అన్ని మార్పులూ ఈ దిశలోనే జరగలేదు. విండోస్ 10ను కొత్తగా స్థాపించినపుడు గౌతమి, వాణి ఖతులు వాటంతట అవి రావు. నిర్మలా యూఐ ఖతి మాత్రమే ఉంటుంది. గౌతమిలో తయారుచేసుకున్న పత్రాలలో అక్షరాల వెడల్పు మారి, పేజీల అమరిక చెదిరే అవకాశం ఉన్నది. అమరికలలోని ఐచ్ఛిక విభాగాలలో తెలుగు అనుబంధ ఖతులను ఎంచుకుని వీటిని తిరిగి పొందవచ్చును.

పెళ్ళి పత్రికలు, కరపత్రాలు, పుస్తకాలు తయారుచేసే డీటీపీ కేంద్రాల సమస్య ఇంతకంటే పెద్దది. వీటిలో చాలావాటిలో పేజ్‌మేకర్, అను స్క్రిప్ట్ ఖతులు ఏళ్ళ తరబడి వాడుకలో ఉన్నాయి. 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7.0 తరువాత ఆ ప్రోగ్రాముకు కొత్త రూపాంతరం రాలేదు. అను వంటి పాత ఖతులు యూనికోడ్‌ను అనుసరించవు. అవి ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో తెలుగు ఆకృతులను చూపుతాయి. ఖతి లేని కంప్యూటరులో అదే దస్త్రం అర్థంలేని గుర్తుల వరుసగా కనిపిస్తుంది. కావున ఇటువంటి కేంద్రాలు పాత కంప్యూటరును ఒక్కసారిగా మార్చక, దానిని అంతర్జాలం నుండి వేరుచేసి పాత పనులకు ఉంచుకుని, కొత్త పనులను మరొక కంప్యూటరులో యూనికోడ్‌లో మొదలుపెట్టడం క్షేమకరం. పాత పుస్తకాల పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చి భద్రపరచుకోవడం కూడా, పాత ప్రోగ్రాము పనిచేస్తున్న రోజులలోనే జరగవలెను.

ఎప్పుడు మారవలెను

విడుదలైన రోజుననే మారవలసిన అవసరం సాధారణ వాడుకరికి ఉండదు. 2018 అక్టోబరు 2న విడుదలైన విండోస్ 10 కొత్త రూపాంతరంలో కొందరి దస్త్రాలు తొలగిపోతున్నట్లు ఫిర్యాదులు రావడంతో మైక్రోసాఫ్ట్ దాని పంపిణీని కొద్ది రోజులలోనే నిలిపివేసి, సరిచేసి నవంబరు 13న తిరిగి విడుదల చేసినది. ఉబుంటు కూడా ఒక దీర్ఘకాలిక రూపాంతరంలో ఉన్నవారికి తరువాతి దీర్ఘకాలిక రూపాంతరాన్ని దాని మొదటి సవరణ విడుదల తరువాతనే సూచిస్తుంది. ఈ ఆలస్యం ఉద్దేశపూర్వకమైనదే.

అలాగని మద్దతు ముగిసే రోజు వరకు ఆగడం కూడా మంచిది కాదు. కొత్త రూపాంతరం వచ్చిన కొన్ని నెలల తరువాత, పాతదాని గడువు ముగియడానికి కనీసం కొన్ని నెలల ముందు మారినచో, ఇతరుల అనుభవాలు తెలుసుకోవడానికి, చిక్కులు ఎదురైతే సరిదిద్దుకోవడానికి వ్యవధి ఉంటుంది. విద్యార్థులు పరీక్షలు, ప్రాజెక్టు నివేదికలు ఉన్న వారాలలోను, వ్యాపారులు ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చి నెలలోను ఈ పని పెట్టుకోరాదు.

ముందు జాగ్రత్తలు

* ముఖ్యమైన దస్త్రాలన్నింటికీ వేరొక డిస్కులో నకలు తీసుకోవలెను. ఆ నకలును మరొక కంప్యూటరులో తెరిచి చూసినపుడే అది పనికివస్తుందని నమ్మవచ్చును.
* సొంతంగా స్థాపించుకున్న తెలుగు ఖతులకు కూడా నకలు తీసుకోవలెను. డిస్కును తుడిచివేసి స్థాపించినచో ఇవి పోతాయి.
* వాడుతున్న ప్రోగ్రాములు, పరికరాల జాబితా వ్రాసుకుని, ప్రతిదానికి కొత్త రూపాంతరంలో మద్దతు ఉన్నదో లేదో తయారీదారు జాలస్థలిలో చూసుకోవలెను.
* నెట్‌వర్క్ డ్రైవరును ముందుగానే దింపుకుని ఉంచుకోవలెను. అది లేనిచో మిగిలినవాటిని అంతర్జాలం నుండి తెచ్చుకునే దారి ఉండదు.
* డిస్కు బిట్‌లాకర్‌తో రక్షించబడి ఉన్నచో దాని రికవరీ కీని కాగితం మీద వ్రాసి ఉంచుకోవలెను.
* డిస్కులో తగినంత ఖాళీ ఉండేటట్లు చూసుకోవలెను. మధ్యలో కరెంటు పోయినచో సిస్టం చెడిపోవచ్చును గనుక లాప్‌టాప్‌ను చార్జరుకు, డెస్క్‌టాప్‌ను యూపీఎస్‌కు కలిపి ఉంచవలెను.

వెనుకకు వచ్చే మార్గం

ఉన్న దస్త్రాలను, ప్రోగ్రాములను ఉంచుతూ పాతదానిపైననే కొత్తది స్థాపించడం ఒక పద్ధతి. డిస్కును ఖాళీ చేసి మొదటి నుండి స్థాపించడం రెండవ పద్ధతి. మొదటి పద్ధతి అన్నివేళలా సాధ్యం కాదు. విస్టా నుండి విండోస్ 7కు నేరుగా మారే వీలుండగా, ఎక్స్‌పీ వాడుకరులు ప్రోగ్రాములన్నింటినీ తిరిగి స్థాపించుకోవలసి వచ్చినది.

విండోస్ 11కు మొదటి పద్ధతిలో మారినవారికి సాధారణంగా పది రోజులలోపు తిరిగి పాతదానికి వెళ్ళే సౌకర్యం ఉంటుంది. పాత సిస్టం అంతవరకు విండోస్.ఓల్డ్ అనే ఫోల్డరులో భద్రపరచబడి ఉంటుంది. ఖాళీ కొరకు ఆ ఫోల్డరును తొలగించినచో ఈ మార్గం మూసుకుపోతుంది. కావున ఆ పది రోజులలోనే ప్రింటరు, స్కానరు, తెలుగు టైపింగు, లెక్కల ప్రోగ్రాములు అన్నింటినీ ఒకసారి వాడి చూడవలెను. గడువు దాటిన తరువాత వెనుకకు రావడమంటే డిస్కు ఖాళీ చేసి పాతదానిని మళ్ళీ స్థాపించడమే.

ప్రత్యామ్నాయాలు

కంప్యూటరుకు కొత్త రూపాంతరం స్థాపించే అర్హత లేనపుడు దానిని పారవేయడమొక్కటే మార్గం కాదు. విండోస్ 10 వాడే వ్యక్తిగత వాడుకరులకు 2026 అక్టోబరు 13 వరకు అదనపు భద్రతా సవరణలు ఇచ్చే పథకాన్ని మైక్రోసాఫ్ట్ ప్రకటించినది. దీనిలో విడిగా నమోదు చేసుకోవలసి ఉంటుంది. ఇది వ్యవధి ఇచ్చే ఏర్పాటే గాని శాశ్వత పరిష్కారం కాదు.

రెండవ మార్గం లినక్స్. ఉబుంటు, లినక్స్ మింట్ వంటివి ఉచితం. యుఎస్‌బి డ్రైవు నుండి నడిపి, డిస్కులో ఏమీ మార్చకుండానే వైఫై, ధ్వని, ప్రింటరు పనిచేస్తున్నవో లేవో చూడవచ్చును. వీటిలో యూనికోడ్ తెలుగు చదవడానికి, వ్రాయడానికి ఏర్పాట్లు ఉన్నవి. విహరిణి, లిబ్రే ఆఫీస్‌లతో సరిపోయే పనులు గలవారికి ఇది చాలును. విండోస్‌లో మాత్రమే నడిచే ప్రోగ్రాములపై ఆధారపడినవారికి మాత్రం ఇది సరిపోకపోవచ్చును.

నిర్ణయ క్రమం

పైన చెప్పిన విషయాలను బట్టి నిర్ణయాన్ని ఈ వరుసలో తీసుకొనవచ్చును. ప్రస్తుత రూపాంతరానికి మద్దతు ఇంకా ఏళ్ళ తరబడి ఉండి, పని సాఫీగా సాగుతున్నచో అప్‌డేట్లు స్థాపించుకుంటూ వేచి ఉండవచ్చును. మద్దతు ముగిసినచో లేదా ముగియబోతున్నచో, కంప్యూటరు అంతర్జాలానికి కలిపి ఉన్నంతవరకు మారడం తప్పనిసరి అని భావించవలెను. హార్డువేరు అర్హత, ముఖ్యమైన ప్రోగ్రాములు రెండూ అనుకూలించినచో నకలు తీసుకుని మారవచ్చును. హార్డువేరు అనుకూలించనిచో లినక్స్‌ను పరీక్షించి చూడవలెను. ప్రోగ్రాము మాత్రమే అనుకూలించనిచో పాత కంప్యూటరును అంతర్జాలం నుండి వేరుచేసి ఆ ఒక్క పనికి ఉంచుకోవలెను. ఈ మార్గాలేవీ కుదరనపుడే కొత్త కంప్యూటరు కొనుగోలు గురించి ఆలోచించవలెను.

ఏ మార్గం ఎంచుకున్నా దస్త్రాల నకలు మాత్రం అవసరమే. ఆపరేటింగ్ సిస్టంను ఎన్నిసార్లైనా తిరిగి స్థాపించవచ్చును. కుటుంబ చిత్రాలు, సిద్ధాంత గ్రంథపు వ్రాతప్రతి, దుకాణపు పద్దులు ఒకసారి పోయినచో, నకలు లేనివారికి అవి తిరిగి దక్కడం చాలా కష్టం.